అట్టముక్క మీది కీబోర్డు

మొన్న ఎండాకాలం సెలవుల ఆఖర్ల మా మనుమరాలు రాంనగర్‌ల మా ఇంటికి వచ్చింది. ఆరో తరగతికి పోతది. బడి తెరవంగనే కంప్యూటర్ మాటల మీద పరీక్ష ఉందట, మంచం మీద కూసొని కాళ్ళూపుకుంట కంఠతా పడుతున్నది. నేను నేల మీద నడుము వాల్చి వింటున్న. "మెమరీ ఈజ్ ఎ డివైస్ యూజ్డ్ టు స్టోర్ డేటా అండ్ ఇన్‌స్ట్రక్షన్స్" అని ఊపిరి తీయకుండ అంటుంటే నా నిద్ర మబ్బు దిగిపోయింది. ఆ వాక్యం నేను ఇదివరకే విన్న. ఒక్క మాట అటు ఇటు కాలే. ఇన్నేండ్లల్ల అశోక్‌నగర్‌ల బంగ్లలు పోయి అపార్ట్‌మెంట్లు లేచినయి, నారాయణగూడ చౌరస్త మీదికెల్లి బ్రిడ్జి పడ్డది, చిక్కడపల్లిల నాకు తెలిసిన పెద్దోళ్ళు ఒక్కలు గూడ మిగల్లే. ఆ వాక్యం మాత్రం అప్పుడెట్ల ఉందో అట్లనే ఉన్నది. "అంటే ఏందే?" అని అడిగిన. "అంటే గదే అమ్మమ్మా. గట్లనే రాస్తే మార్కులు" అన్నది, నా దిక్కు చూడకుండనే. ఇంగ్లీషు రాని ఈ ముసలిదానికి ఆ వాక్యం నోటికొస్తదని దానికి తెల్వదు. ఎందుకొస్తదో చెప్పాల్నంటే పద్మ సంగతి చెప్పాలె.

నేను పాలమూరు దిక్కు మనిషిని. పెండ్లయిన కొత్తల్ల మా ఆయన వెంట కూలికి పట్నం వచ్చిన. అశోక్‌నగర్‌ల అప్పుడు గల్లీకొక ఇల్లు లేస్తుండె. ఇసుక మోసిన, ఇటుకలు మోసిన, సిమెంటుకు చేతులు పగిలితే కొబ్బరినూనె రాసుకొని మళ్ళ మోసిన. అట్ల మోసిన ఇండ్లల్లనే ఒకటి తర్వాత ఆడపిల్లల హాస్టల్ అయింది. వంటకు మనిషి కావాల్నని తెలిసి పోయి అడిగిన. నడిపే ఆమె, రిటైరైన టీచరమ్మ, నన్ను కింది నుంచి మీది దాక చూసి "పప్పుల ఎంత చింతపండు ఏస్తవ్?" అని ఒక్కటే అడిగింది. "చింతపండు పులుపును బట్టి" అన్న. "రేపట్నించి రా" అన్నది. పిల్లలంత ఆమెను పెద్దమేడం అనేటోళ్ళు, నేను గూడ అదే అన్న. పుట్టి పెరిగింది చిక్కడపల్లిలనే. వాళ్ళ నాయిన నిజాం కాలంల సర్కారు కచేరీల గుమాస్త అట. పొద్దున్నే ఇత్తడి గిలాసల చాయ పోసుకొని, పేపర్ ఆఖరి పేజీకెల్లి ముందటికి చదివేది. బయటికెల్లి వచ్చిన పిల్ల ఎవరైనా సరే, గేటు కాడి నల్ల కింద కాళ్ళు కడుక్కోకుంటే లోపలికి రానియ్యకపోయేది. పెరుగు తన చేతితోటే ఏసేది. గరిటె ఒకటే, కాని ఆమెకు నచ్చిన పిల్లకు గరిటె నిండేది, నచ్చని పిల్లకు ఒంగేది.

అక్షరాలు నాకు ముప్పై దాటినంకనే వచ్చినయి. మా బస్తీల రేకుల షెడ్డుల పగటిపూట ఆడోళ్ళకు చదువు చెప్తుంటే, హాస్టల్ల పొద్దటి వంట ఒడిసినంక పోయి కూసునేదాన్ని. అప్పుడప్పుడే చదువొచ్చిన మనిషి దారెంబడి నడిస్తే ఎట్లుంటదో చిన్నప్పుడే బడికి పోయినోళ్ళకు ఎరుక కాదు. రాంనగర్ నుంచి అశోక్‌నగర్ దాక గోడలన్ని మాట్లాడుతున్నట్టు ఉండేది. కిరాయికి ఇల్లు కలదు. పాలు దొరుకును. ఇక్కడ మూత్రము పోయరాదు. అన్ని చదువుకుంట, నవ్వుకుంట పోయేదాన్ని. చిక్కడపల్లి గల్లీల టైపు నేర్పే ఇండ్లు ఉండె, కిటికీలకెల్లి వడగండ్లు పడ్డట్టు చప్పుడు వచ్చేది. ఆ బోర్డుల పక్కన కొత్త బోర్డులు పుట్టినయి. తెలుగు అక్షరాలల్లనే 'కంప్యూటర్' అని రాసి ఉండేది. కూడబలుక్కొని చదివిన. వచ్చింది. కాని ఏందో తెల్వలే. చదవొస్తే తెలుస్తదని అప్పటిదాక అనుకున్న. చదవొచ్చినా తెల్వని మాటలు ఉంటయని ఆ బోర్డు కాడ ఎరుకైంది. నాకది ఈగ లెక్క చెవుల దూరింది. కూరగాయలోన్ని అడిగిన, పాలోన్ని అడిగిన. "లెక్కలు చేసే టీవీ అక్క" అన్నడు పాలాయన. పెద్దమేడంను అడిగితే "మూన్నాళ్ళ ముచ్చట. టైపు నేర్చుకున్నోళ్ళకే నౌకరి" అన్నది.

పద్మ ఆ హాస్టల్లనే ఉండేది. అచ్చంపేట దిక్కు పిల్ల, మా దిక్కేనని నాకు జర ఎక్కువ పావురం, నా బిడ్డ లెక్కనే చూసుకునేదాన్ని. సన్నగ, గట్టి గొంతుతోటి ఉండేది. నాయిన ఊర్ల కరెంటు మోటార్లు కాలిపోతే తీగ చుట్టి బాగుచేసెటోడు. డిగ్రీ అయింది, టైపు అయింది, కంప్యూటర్ల ఏదో డిప్లొమా గూడ చేసింది. పైచదువు సాయంత్రం కాలేజీల చదవాల్నని దాని ఆశ. నాయిన ఒక మాట చెప్పి పంపిండు. "దసరా దాక చూడు బిడ్డా. నౌకరి దొరికితే ఉండు, నీ చదువు నువ్వు చదువుకో. లేకపోతే ఇంటికి రా. తమ్మునిది ఇంటర్ అయిపోవస్తున్నది, ఇద్దరిని పట్నంల ఉంచుడు నాతోటి కాదు." ఇంటికి పోతే ఇంక మళ్ళ రావుడు ఉండదని పద్మకు తెలుసు, నాకు తెలుసు. ఇంటికి పోయిన పిల్లకు పొద్దు నిండ పని దొరుకుతది, చదువు దొరకదు.

దానికి కంప్యూటర్ సెంటర్ల పాఠం చెప్పే నౌకరి కావాలె. అప్పట్ల ఆ నౌకరికి ముందు డెమో అని పెట్టెటోళ్ళు. పది మంది ముందట నిలబడి ఒక పాఠం చెప్పాలె, సారు వెనక కూసొని వింటడు. హిమాయత్‌నగర్‌ల ఒకతాన మొదటి డెమో ఇచ్చి వచ్చింది. నేను బియ్యంల రాళ్ళు ఏరుతున్న. వచ్చి వంటింటి గడప మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమైందే?"

"మెమరీ అంటే ఏందని అడిగిండక్క. చెప్పిన. నీ మాటలల్ల చెప్పమన్నడు. మళ్ళ గదే చెప్పిన. మళ్ళొకసారి అడిగిండు. మళ్ళ గదే వచ్చింది నోట్లకెల్లి. ఇంక చాలు పో అన్నడు."

"నాకు చెప్పు."

ముక్కు తుడుచుకొని ఆ ఇంగ్లీషు వాక్యం చెప్పింది.

"తెలుగుల చెప్పు."

"మెమరీ అనగా దత్తాంశమును మరియు ఆదేశములను నిలువ చేయు సాధనము."

"ఇది గూడ తెలుగు కాదు. ఇంకా తెలుగుల చెప్పు."

ఏడుపుల కూడ దానికి నవ్వొచ్చింది. కాని చెప్పలేకపోయింది. అప్పుడు బయటపడ్డది అసలు సంగతి. డిప్లొమా అని చదివింది గాని, ఆ సెంటర్ల కంప్యూటర్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒక దాని ముందట ముగ్గురు కూసునేటోళ్ళు. మధ్యల కూసున్నదే కొట్టేది, పక్కలున్నోళ్ళు చూసేటోళ్ళు. పద్మ ఎప్పుడు పక్కకే. మిగతదంత జిరాక్సు కాగితాలే. దూరంకెల్లి చూసిన పెండ్లి గురించి చెప్పినట్టు చెప్పుడు తప్ప దానికి గతి లేదు. తప్పు దానిది కాదు, అప్పుడు అందరి చదువు గట్లనే ఉండె.

ఆ దినంకెల్లి వంటింట్ల బడి మొదలైంది. పగలు నేను బస్తీల బడికి పోకముందు, సాయంత్రం పొయ్యి వెలిగించకముందు. పద్మకు వినే మనిషి కావాలె, నాకు ఆ బోర్డు మీది మాట తెల్వాలె. మిగత పిల్లలు నవ్వేటోళ్ళు. "చంద్రక్కను ఇంజినీర్ చేస్తున్నవా?" అనేటోళ్ళు. "చేస్తే నీకేం బాధ, నీ చపాతీ నేనే చేస్త గద" అనేదాన్ని. పద్మ బిస్కెట్ల డబ్బా అట్ట చింపి దాని మీద స్కెచ్ పెన్నుతోటి గుండ్రాలు గీసి, ఒక్కొక్క గుండ్రంల ఒక ఇంగ్లీషు అక్షరం రాసింది. అదే కీబోర్డు. తన వేళ్ళు మరిచిపోకుండ దాని మీదనే కొట్టుకునేది. నాకు అప్పటికి తెలుగే వచ్చు, ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. పద్మ టైపు నేర్చిన పిల్ల, వాళ్ళకు నడిమి వరుసకెల్లే మొదలు. నాకు గూడ గట్లనే చెప్పింది. ఏ, ఎస్, డి, ఎఫ్. లోకంల అందరు ఏ తర్వాత బి అంటరు. నాకు ఏ తర్వాత ఎస్. బి, సి నాకు మస్తు రోజుల తర్వాత కింది వరుసల దొరికినయి. అదే వరుస అనుకొని మా బస్తీ పంతులమ్మ ముందట ధీమాగ చెప్పిన. ఆమె సుద్దముక్క కింద పెట్టి, "చంద్రమ్మా, ఇది ఏ దేశపు ఇంగ్లీషు?" అన్నది. "కంప్యూటర్ దేశంది" అన్న. ఇప్పటికి నన్ను ఇంగ్లీషు అక్షరాలు చెప్పమంటే నా వేళ్ళు ముందు కదులుతయి, నోరు తర్వాత.

మాటలు ఒక్కొక్కటి పట్టుకున్నం. మౌస్ అంటే ఎలుక అన్నది. వంటింట్ల ఎలుకలతోటి నేను సచ్చిపోతుంటే, దాన్ని చేత పట్టుకొని పని చేస్తరంట. "ఎలుక ఎందుకే పేరు? ఉడుత అనొద్దా?" అంటే చెయ్యి వెనక్కి తిప్పి, "తోక ఉంటదక్క, తీగ" అన్నది. ఫైలు, ఫోల్డరు అంటే నా పోపుల డబ్బా తెచ్చి ముందట పెట్టుకున్నది. పెద్ద డబ్బా ఫోల్డరు, లోపలి చిన్న గిన్నెలు ఫైళ్ళు. "పెద్ద డబ్బాల ఇంకో పెద్ద డబ్బా పట్టదు గద" అన్న. "కంప్యూటర్ల పడ్తది" అన్నది. "ఎట్ల పడ్తది?" అంటే ఆలోచన చేసింది. ఆ ఆలోచన చేసుడే నాకు నచ్చేది. జిరాక్సు కాగితం చదివేటప్పుడు దాని కండ్లు గోడ మీద ఉండేవి. ఆలోచన చేసేటప్పుడు నా మీద ఉండేవి.

మెమరీ దగ్గర మస్తు తిప్పలయింది. రెండు తీర్ల మెమరీ ఉంటదట. ఒకటి కరెంటు పోతే పోతది, ఇంకొకటి పోదు. పద్మ వంటింటి గట్టు చూపించి, "ఇప్పుడు వండేది గట్టు మీద ఉంటది, మిగతది స్టోరు రూంల ఉంటది. గట్టు రామ్, స్టోరు హార్డ్ డిస్క్" అన్నది. ముఖం వెలిగిపోతున్నది. నేను ఊకోలే. "కరెంటు పోతే నా చారుగిన్నె ఎక్కడికి పోతది? ఆడనే ఉంటది గద?" అన్న. దాని ముఖం పడిపోయింది. రెండు దినాలు మాట్లాడలే నాతోటి. మూడో దినం పొద్దున నేను కూర తరుగుతుంటే వచ్చి నిలబడ్డది.

"అక్కా, ఇయ్యాల ఎవరెవరు తింటరు?"

"లత ఊరికి పోయింది. సరోజకు ఒక్కపొద్దు. కింది రూమోళ్ళు ఆలస్యంగ వస్తరు."

"నిన్న ఎవరెవరు తిన్నరు?"

"నిన్నటిది ఇయ్యాల నాకెందుకే? యాదికి లేదు."

"పప్పుచారు ఎట్ల చేస్తవ్?"

"అదేందే, నిద్రల లేపి అడిగినా చెప్త."

"గదే అక్కా! ఎవరు తింటరన్నది రామ్. పండుకొని లేస్తే పోతది. పప్పుచారు హార్డ్ డిస్క్!"

ఈసారి నాకు అడ్డం చెప్పనీకి దొరకలే. బుర్రల ఏదో తలుపు తెరుచుకున్నట్టు అయింది. ఆ దినం పప్పుచారు మాడింది. పెద్దమేడం వచ్చి వాసన చూసి, "ఏందిది?" అన్నది. "మెమరీ నేర్చుకుంటున్న మేడం" అన్న. "నేర్చుకో. పప్పు గురించి గూడ జర నేర్చుకో" అన్నది.

పెద్దమేడంకు ఈ తతంగమంత నచ్చకపోయేది. కంప్యూటర్‌కు వైరస్ వస్తదని పేపర్ల చదివిందట. సెంటర్లల్ల చెప్పులు బయట ఇడిపిస్తరని, ఏసీ పెడ్తరని, తలుపులు మూస్తరని పిల్లలు చెప్తుంటే ఆమెకు ఇంకింత గట్టిపడ్డది. కంప్యూటర్ క్లాసులకు పోయొచ్చిన పిల్లలు కాళ్ళతోటి పాటు చేతులు, ముఖం గూడ కడుక్కోవాల్నని కొత్త హుకుం పెట్టింది. "మేడం, ఆ వైరస్ మనుషులకు రాదు" అని పద్మ అంటే, "చెప్పులు ఎందుకు ఇడిపిస్తున్నరు మరి? ఊకెనే ఇడిపిస్తరా?" అన్నది. నవ్వకుండ్రి. నేను గూడ నెల దాక ముఖం కడుక్కొనే పొయ్యి దగ్గరికి పోయిన, అట్ట మీది కీబోర్డు ముట్టుకున్నందుకు.

ఇంటర్నెట్ అనేటాళ్ళకు ఇద్దరం ఆగిపోయినం. "అన్ని కంప్యూటర్లు ఒకదానికొకటి కలిపి ఉంటయి అక్క." "ఆ కలిపింది ఎక్కడుంటది?" "ఒకతాన ఉండదు. అన్నితాన్ల ఉంటది." "దేవుని గురించి గూడ గిట్లనే చెప్తరు" అన్న. "నువ్వు చూసినవా?" అని అడిగితే తల అడ్డంగ ఊపింది. "చూడనిది ఎట్ల చెప్తవే మంది ముందట?" అన్న. జర కఠినంగనే అన్న. నాకు మెత్తగ చెప్పుడు రాదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం చిక్కడపల్లిల ఒక ఎస్టీడీ బూతుకు పోయినం. ఆ బూతాయన కొత్తగ లోపల చెక్క పలకలు కొట్టి ఇంటర్నెట్ పెట్టిండు. ఫోన్ తీగకెల్లి ఒక చప్పుడు వచ్చింది. పిట్ట గొంతు పట్టుకున్నట్టు కీచుమని, తర్వాత పొంగు వచ్చిన పాలు పొయ్యిల పడ్డట్టు సుర్రుమని. బూతాయన అదేం పట్టించుకోకుండ బఠానీలు తింటున్నడు. ఏదన్న చూపియ్యమంటే ఒక ఫోటో తీసిండు. అది ఒక్కసారి రాలే. పైకెల్లి కిందికి, మిద్దె మీదికెల్లి తడి చీర ఇడిసినట్టు, కొంచెం కొంచెం దిగింది. ముందు ఆకాశం, తర్వాత ఇండ్ల కప్పులు, తర్వాత వీధి. ఏదో పరాయి దేశపు వీధి, వాన పడుతున్నది, ఒక మనిషి గొడుగేసుకొని పోతున్నడు.

"ఇప్పుడే పడుతున్నదా వాన?" అని అడిగిన.

"ఎప్పుడో తీసిన ఫోటో అమ్మా" అన్నడు బూతాయన.

"మరి ఇప్పుడు పడుతున్నదో లేదో ఎట్ల తెల్వాలె?"

బఠానీలు నములుడు ఆపి నా దిక్కు చూసిండు. పద్మ గూడ చూసింది. ఇప్పుడు మా మనుమరాలు ఫోన్ల ఏ దేశంల వాన పడుతున్నదో, ఎప్పుడు ఆగుతదో గూడ చెప్తది. మంచిదే. నేను వద్దనను. చీరలు ఆరేసుకునే ముందు నేనే దాన్ని అడుగుత. కాని దానికి జవాబు ఎంత తొందరగ వస్తదంటే, ప్రశ్న దాని లోపల జర సేపన్న కూసోనే కూసోదు. మాకు ఆ వాన వారం దినాలు ఉన్నది. కూర తరుగుకుంట, బట్టలు పిండుకుంట, ఆ గొడుగు మనిషి ఇంటికి చేరిండా లేదా అనుకుంట ఉన్నం. అప్పుడున్నది అంత మంచిదని నేను అనను. పక్కకు కూసొని చదివిన పద్మ ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. కాని తెల్వనితనంల అంత కలిసి ఉండుడు నాకు మళ్ళ దొరకలే.

నారాయణగూడల డెమో దినం వచ్చింది. దసరాకు ఇంక ఎక్కువ రోజులు లేవు. "అక్కా, నువ్వు ముందట కూసుంటే నాకు మాట వస్తది" అన్నది పద్మ. పెద్దమేడంకు చెప్పి, వంట తొందరగ చేసి పెట్టి పోయిన. చౌరస్త దగ్గర మేడ మీద ఉండె సెంటర్. కింద చాయ హోటల్ల బన్ను కాలే వాసన మెట్ల దాక వచ్చేది. చెప్పులు ఇడిసి అద్దాల తలుపు తీసుకొని పోతే ఎముకలు కొరికే చలి. కొంగు చుట్టుకున్న. బూతుల తెర మీది బొమ్మే చూసిన, కంప్యూటర్‌ను దగ్గరికెల్లి నిండుగ చూసింది ఇక్కడనే. ముందు కీబోర్డే చూసిన. ఏ పక్కన ఎస్, ఎస్ పక్కన డి. మా బిస్కెట్ల అట్ట మీద ఎట్ల ఉన్నయో అట్లనే ఉన్నయి. సుట్టపోన్ని కలిసినట్టయింది. సారు చిన్న వయసాయన, టై కట్టుకున్నడు, కోస్తా దిక్కు మాట.

"ఈవిడ ఎవరండీ?"

"మా అక్క సార్" అన్నది పద్మ.

"సరే, కూర్చోమనండి. వినేవాళ్ళు కావాలి కదా."

పది మంది పిల్లల మధ్యల నేను కూసున్న. పద్మ బోర్డు కాడ నిలబడ్డది. సుద్దముక్క పట్టుకున్నది. మొదలుపెట్టింది. "మెమరీ ఈజ్ ఎ డివైస్..." దాని కండ్లు పోయి మళ్ళ గోడ మీద పడ్డయి. వాక్యం ఒడిసింది, మళ్ళ మొదలైంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నరు. సారు గడియారం చూసుకున్నడు. నెల దినాలకెల్లి తెచ్చుకున్నదంత బోర్డు కింద ఒలికిపోతున్నది. ఉండబట్టలే.

"తెలుగుల చెప్పవే!" అన్న. గట్టిగ.

పిల్లలంత నవ్విన్రు. సారు లేచిండు. "అమ్మా, ఇది ఇంగ్లీషు మీడియం డెమో. మీరు దయచేసి బయట కూర్చోండి" అన్నడు. మర్యాదగనే అన్నడు. లేచి పోయిన. తప్పు చేసిన అని మాత్రం అప్పుడు అనుకోలే, ఇప్పుడు అనుకోను. తలుపు మూసుకున్నది. చెప్పుల పక్కన నిలబడి అద్దంలకెల్లి చూసిన. లోపలి మాట ఒక్కటి వినొస్తలేదు. పద్మ తల వంచుకొని నిలబడ్డది కాసేపు. సారు ఏదో అన్నడు. తర్వాత పద్మ తల ఎత్తింది. చూపుడు వేలు నుదుటి మీద పెట్టుకొని ఒక పిల్లను ఏదో అడిగింది. ఎవరెవరు తింటరని అడుగుతున్నది, నాకు తెలుసు. ఆ పిల్ల ఏదో చెప్పింది, అందరు నవ్విన్రు, ఈసారి నవ్వు వేరే తీరు. తర్వాత చెయ్యి వెనక్కి తిప్పింది, తోక. తర్వాత గాలిల మూత తీసి వేళ్ళతోటి చిటికెడు పట్టుకున్నది, పోపుల డబ్బా. గొంతు లేకున్న పాఠమంత నేను విన్న. ఆఖర్ల ఒకటి చేసింది. రెండు చేతులు పక్కకు చాపి, ఏదో అందుకొని, నడుము తిప్పి, ఇంకో పక్కకు అందిచ్చింది. మళ్ళ అందుకున్నది, మళ్ళ అందిచ్చింది. అది మా వంటింట్ల లేని పాఠం. ఏం మాటనో నాకు తెల్వలే. ముక్కు అద్దానికి ఆనిచ్చి చూసిన.

బయటికి వచ్చినంక మెట్ల మీదనే అడిగిన. నౌకరి సంగతి తర్వాత, ముందు ఇదే అడిగిన. "ఆఖర్ల చేతులు గట్ల తిప్పినవ్, ఏందది?"

"ఇంటర్నెట్ అక్క. గప్పుడే తోచింది. మీరు స్లాబు పోసేటప్పుడు వరుసగ నిలబడి తట్టలు అందిస్తరు గద. నీ పక్కనోళ్ళకు అందియ్యాలె అన్నదే నీకు తెల్వాలె. మీద ఎవరు పోస్తున్నరో నీకు అక్కర లేదు. అయినా తట్ట పైకి పోతది. గట్లనే పోతదని చెప్పిన."

నేను మెట్టు మీద ఆగిపోయిన. ఎన్ని స్లాబులు పోసిన నేను! ఆ వరుసల నిలబడి ఎన్ని తట్టలు అందిచ్చిన! ఆ పని గురించి ఎవరన్న పాఠంల చెప్తరని ఏనాడు అనుకోలే.

"నౌకరి?" అన్న అప్పుడు.

ఇంగ్లీషు బ్యాచికి పద్మను వద్దన్నరట. కాని తెలుగు మీడియం పిల్లలు వస్తున్నరు, చెప్పెటోళ్ళు లేక మానేస్తున్నరట. తెలుగుల ఒక బ్యాచి పెట్టి చూస్తం, మొదటి క్లాసుకు పిల్లలు వచ్చి నిలబడితే నౌకరి అన్నడట సారు. నేను ఊకుంటనా? కూరగాయల దగ్గర, నల్ల దగ్గర, చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద కూసొని చదివే పిల్లల దగ్గర, అందరికి చెప్పిన. "తెలుగుల చెప్తరా నిజంగనే?" అని అడిగిన్రు. "నాకే అర్థమైంది, మీకేం రోగం?" అన్న. ఆఖరికి పెద్దమేడం గూడ తన కాడికి వచ్చిపోయే పాత శిష్యురాండ్లకు చెప్పింది. "పోరీ, ముందు వైరస్ సంగతి చెప్పు పిల్లలకు" అని పద్మకు తాకీదు గూడ ఇచ్చింది.

మొదటి క్లాసు ముందటి దినమే పద్మ నాయిన దిగిండు. బుజానికి సంచి, చేతికి మోటారు గ్రీజు మరక. పిల్లను తీసుకపోనీకే వచ్చిండు. పెద్దమేడం గేటు కాడ ఆపి, "ముందు కాళ్ళు కడుక్కో" అన్నది. కడుక్కున్నడు. చాయ ఇచ్చి, "రేపు సాయంత్రం దాక ఆగు. ఆగితే నీ మోటార్లేం పారిపోవు" అన్నది. ఆయన ఆ రాత్రికి రాంనగర్‌ల మా ఇంట్ల ఉన్నడు. మా ఆయనతోటి కూసొని మోటార్ల సంగతులే మాట్లాడిండు, బిడ్డ సంగతి ఎత్తలే. తెల్లారి సాయంత్రం హాస్టల్ వరండల గోడకు ఆనుకొని, సంచి ఒడిల పెట్టుకొని కూసున్నడు. నేను గోధుమపిండి కలుపుతున్న గాని నా చెవులు గేటు కాడనే ఉన్నయి.

పద్మ వచ్చింది. గేటు కాడ కాళ్ళు కడుక్కున్నది. నాయిన లేవలే.

"వచ్చిన్రా పిల్లలు?" అన్నడు.

"వచ్చిన్రు నాయినా. కుర్చీలు సరిపోక వెనక నిలబడ్డరు. కాని సారు ఇంకా ఏం చెప్పలే. ఎందరు మళ్ళ వస్తరో చూస్తనన్నడు."

"ఎట్ల చెప్పినవ్?"

"మంచిగనే చెప్పిన. ఆఖర్ల ఒక పిల్ల లేచి అడిగింది. మేడం, నేను మా ఊరి పేరు తెలుగుల రాస్తే ఇది చదువుతదా అని."

"చదువుతదా?" అన్న నేను, పిండి చేతులతోటే వరండలకు వచ్చి.

"నాకు తెల్వదక్క."

నాయిన ముఖం గట్టిపడ్డది. "తెల్వదా? మరి ఏం చెప్పినవ్ అంతమంది ముందట?"

"తెల్వదనే చెప్పిన నాయినా. తెలుసుకొని రేపు చెప్తనన్న. అందరు రేపు వస్తమన్నరు."

ఆయన గోర్లల్ల ఇరికిన గ్రీజు గీక్కుంట కూసున్నడు. తర్వాత సంచి బుజానికి ఏసుకొని లేచి, నా దిక్కు తిరిగి అడిగిండు.

"చెల్లే, అచ్చంపేటకు ఆఖరి బస్సు ఎప్పుడు? ఒక్కనికే."